చాపకూటి వీరులు

మధ్యయుగమున ఐరోపాలో వెలసిన అశ్వవీరుల కథలకు ఒక కట్టుబాటు గలదు. నాయకుడు ఉన్నతవంశజుడు, గుఱ్ఱమెక్కును, ప్రతిన పూనును, వలచిన వనిత మెప్పుకొఱకు పోరును. ఆర్థరు రాజు తన వీరులలో ఎక్కువతక్కువలు పొడసూపకుండ గుండ్రని బల్ల చేయించెనని వేసు అను కవి 1155లో ఫ్రెంచి భాషలో వ్రాసెను. మంచి యూహయే. కాని ఆ బల్లచుట్టు కుమ్మరికి చోటు లేదు.

శ్రీనాథుని కృతిగా చెప్పబడు 'పల్నాటి వీరచరిత్ర'లో ఆ చోటున్నది. బ్రహ్మనాయుడు నానాకులములవారిని ఒక్క పంక్తిని కూర్చుండబెట్టి భోజనము పెట్టించెను, అదియే చాపకూడు. మాలకులజుడైన కన్నమదాసు అతని సేనాని. కామారెడ్డినుండిగాని ఎల్లారెడ్డినుండిగాని పల్నాడు దూరమే, కృష్ణానది దాటవలెను. అయినను, మధ్యాహ్నము బడిలో అందఱితో ఒక్క వరుసను భుజించు ఆ యూళ్ల బాలునకు చాపకూటి యర్థము వేఱుగ చెప్పనక్కఱలేదు.

బ్రహ్మనాయుని కుమారుడు బాలచంద్రుని తోడివారును అట్టివారే: బ్రాహ్మణుడు, కమ్మరి, కుమ్మరి, చాకలి, మంగలి. పండ్రెండవ శతాబ్దినాటి కారెంపూడి యుద్ధమునకు వారందఱు కలిసి బయలుదేరిరి. త్రోవలో బాలచంద్రుడు, బ్రాహ్మణుడైన అనపోతు రణమున చావరాదని తలచి, ఒక నెపమున అతనిని వెనుకకు పంపెను. దీనిని స్నేహమని మెచ్చుకొనుట సులభము; న్యాయమనుట కష్టము. కుమ్మరి ప్రాణమునకు లేని మినహాయింపు అనపోతు ప్రాణమునకేల? పుట్టుకనుబట్టి ఒకనిని పంక్తినుండి లేపుట, కాపాడుటకైనను, లేపుటయే. మోసమెఱిగిన అనపోతు, మిత్రులకు వెలియైన బ్రతుకొల్లక, అక్కడనే అసువులు విడిచెను.