చెప్పినంత ఇచ్చే పెట్టె

రేడియో, ఆంప్లిఫయరు ఒకే పెట్టెలో ఇమిడినదే స్టీరియో రిసీవరు. 1970లలో అమెరికా ఇండ్లకు చేరిన ఆ పెట్టెలను ఈనాటికీ వెదకి కొనేవారున్నారు. ఎందుకని మేమూ ఆలోచించాము.

అప్పట్లో కొందరు తయారీదారులు వాట్లను ఎక్కువ చేసి చెప్పుకొనేవారు. అందుచేత 1974లో అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ ఒక నియమం పెట్టింది. రెండు చానళ్లూ ఆగకుండా పనిచేస్తున్నప్పుడు వచ్చే శక్తినే ప్రకటనలో చెప్పాలి. అప్పటినుండి కంపెనీలు నిజమైన శక్తిలోనే పోటీపడ్డాయి. 1978 నాటి పయనీర్ ఎస్‌ఎక్స్-1980 చానల్‌కు 270 వాట్లు ఇచ్చేది. దాని బరువు సుమారు 35 కిలోలు!

మరొక కారణం, మరమ్మతు. మూత తీస్తే చాలా భాగాలు విడివిడిగా కనబడతాయి. చెడినదాన్ని తీసి మరొకటి వేయవచ్చు.

ఒక హెచ్చరిక. అమెరికాలోని బంధువులు తెచ్చిన పెట్టె 120 వోల్టులదైతే మన 230 వోల్టుల ప్లగ్గులో నేరుగా పెట్టకండి, కాలిపోతుంది. ఏండ్లు గడిస్తే లోపలి కెపాసిటర్లు కూడా ఎండిపోతాయి. ముందుగా తెలిసిన మెకానిక్కుకు చూపించండి.

చెప్పినంత ఇచ్చేది, చెడితే బాగుచేసుకోగలిగేది ఎన్నాళ్లయినా ఇంట్లో నిలుస్తుంది. మన మాటా అంతే కదా!