ఇన్సెంటివ్ బాకీలు, ఉద్యోగ తొలగింపులపై తీర్మానం

మోమిన్‌పేట్‌లో సమావేశమైన వికారాబాద్, తాండూరు ప్రాంతాల సేల్స్ ఉద్యోగులమైన మేము ఏకగ్రీవంగా ఆమోదించిన తీర్మానం.

బండ్ల షోరూముల్లో, మందుల కంపెనీల్లో, విత్తనాలు, పురుగుమందుల డీలర్ల దగ్గర పనిచేసే మాలో చాలామందికి జీతం కంటే ఇన్సెంటివ్‌తోనే ఇల్లు గడుస్తుంది. అది అడిగినందుకే ఉద్యోగం పోతున్నది. దసరాకు బుక్ చేయించిన బండ్లు డెలివరీ అయ్యాక, ఇన్సెంటివ్ స్లాబ్ లెక్క తేలకముందే 'రేపట్నుంచి రావద్దు' అని వాట్సాప్ మెసేజ్ వస్తుంది. సాయంత్రానికల్లా యాప్ లాగిన్ ఆగిపోతుంది, అమ్మకాల లెక్కంతా అందులోనే ఉండిపోతుంది. మనిషిని తీసేసినంత మాత్రాన అతను సంపాదించిన సొమ్ము రద్దు కాదని ఈ సమావేశం ప్రకటిస్తున్నది.

మెడికల్ రిప్రజెంటేటివ్‌లు పారిశ్రామిక వివాదాల చట్టం కింద కార్మికులు కారని 1994లో శాండోజ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన పారిశ్రామిక సంబంధాల కోడ్ మాత్రం, 1976 నాటి సేల్స్ ప్రమోషన్ ఉద్యోగుల చట్టం నిర్వచించిన ఉద్యోగులను కార్మికుల్లో చేర్చింది. వారు తొలగింపుపై రెండేళ్లలోగా కార్మిక శాఖ రాజీ అధికారిని, అక్కడ తేలకపోతే ట్రిబ్యునల్‌ను ఆశ్రయించవచ్చు. షాపు ఉద్యోగులకు 1988 నాటి దుకాణాలు, సంస్థల చట్టం 47వ సెక్షన్ ఉంది. ఆరు నెలలు ఎడతెగకుండా పనిచేసినవారిని సరైన కారణం లేకుండా, నెల నోటీసు గానీ దానికి బదులు జీతం గానీ ఇవ్వకుండా తీసేయడం చెల్లదు.

తొలగించిన రెండు పనిదినాల్లో వేతనం చెల్లించాలని వేతన కోడ్ చెబుతున్నది. అదే కోడ్ కమిషన్‌ను వేతనం లెక్క నుంచి తప్పించింది. కమిషన్, ఇంటద్దె వంటి మినహాయింపులన్నీ కలిపి మొత్తం రాబడిలో సగం దాటితే, దాటిన మేరకే వేతనం కింద చూస్తుంది. ఇన్సెంటివ్ మీదే బతికేవారికి ఇది పచ్చి అన్యాయం. మిగతా బాకీకి మూడేళ్లలోగా సివిల్ దావా వేసుకోవలసిందే.

కనుక సంపాదించిన కమిషన్ మొత్తాన్నీ వేతనంగా గుర్తించాలని, విత్తనాలు, పురుగుమందుల సేల్స్ ఉద్యోగులకు కార్మికుల హోదాను స్పష్టంగా ప్రకటించాలని కేంద్ర ప్రభుత్వాన్ని కోరుతున్నాము. సభ్యులు తాము అమ్మిన ప్రతి సరుకు ఇన్వాయిస్ నంబరు, తేదీ సొంత నోటుబుక్కులో రాసుకోవాలి. 'ఏ బాకీ లేదు' అన్న ఫుల్ అండ్ ఫైనల్ కాగితంపై సంతకం పెట్టరాదు. పెట్టక తప్పకపోతే 'ఇన్సెంటివ్ బాకీపై హక్కు వదులుకోవడం లేదు' అని సంతకం పైన స్వయంగా రాసి, తేదీ వేసి, ఫొటో తీసుకోవాలి. మహిళలకు, ఎస్సీ, ఎస్టీ సభ్యులకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయ సహాయం ఉన్నది. న్యాయ సహాయ హెల్ప్‌లైన్ 15100కు ఫోన్ చేయడంలో వారికి తోటి సభ్యులు తోడుండాలి.

ఈ తీర్మానం ప్రతులను వికారాబాద్ జిల్లా కలెక్టరుకు, కార్మిక శాఖకు అందజేయాలని నిర్ణయించడమైనది.