పాలు పోస్తే పెంచినట్టు కాదు

పోయిన వారం మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో ఒకావిడ ఫోటో పెట్టారు. అట్టపెట్టెలో నాలుగు పిల్లిపిల్లలు. ఒకటి నల్లది, రెండు చారలవి, ఒకటి తెలుపు మీద పసుపు మచ్చలది. కింద ఇలా రాశారు: "కావాల్సినవాళ్ళు తీసుకెళ్ళండి. ఖర్చేమీ ఉండదు. కాసిని పాలు పోస్తే చాలు, వాటి బతుకు అవే బతుకుతాయి." ఇక వరసగా గుండె బొమ్మలు, "సో క్యూట్"లు. పావుగంటలో నాలుగూ అయిపోయాయి. ఊరి నుంచి వచ్చిన మామిడిపళ్ళు కూడా అంత తొందరగా అయిపోవు.

నేను గుండె బొమ్మ పెట్టలేదు. "దయచేసి పాలు పొయ్యకండి" అని రాశాను. "అదేంటండీ, పిల్లికి పాలు పొయ్యొద్దంటారు!" అంటూ నవ్వే బొమ్మలు ఆరు వచ్చాయి. అక్కడ వాదించే ఓపిక లేక ఇక్కడ రాస్తున్నాను. కొంచెం కోపంగానే రాస్తున్నాను, ఏమీ అనుకోకండి. ఆ కోపంలో సగం నా మీద నాకే.

రెండేళ్ళ క్రితం మా అమ్ములు బడి నుంచి వస్తూ సెల్లార్‌లో, స్కూటర్ కవరు కింద దొరికిందని ఒక పిల్లిపిల్లని లంచ్ బ్యాగులో పెట్టుకుని పైకి తెచ్చింది. నా అరచేతిలో పట్టేంత ఉంది. "వాళ్ళమ్మ వదిలేసి వెళ్ళిపోయిందమ్మా, పాపం" అంది. నేనూ పాపం అనుకున్నాను. చిట్టి అని పేరు పెట్టాం. పాకెట్ పాలు నీళ్ళు కలిపి, గోరువెచ్చగా చేసి, స్టీలు మూతలో పోశాను. ఎంత ఆత్రంగా తాగిందో! మావారు ఫోటోలు తీసి చుట్టాలందరికీ పంపారు.

మర్నాటికి విరేచనాలు. "పిల్లే కదా, అదే తగ్గుతుంది" అన్నారు మావారు. "కాస్త పెరుగన్నం పెట్టు, కడుపు చల్లబడుతుంది" అన్నారు అత్తయ్య. రెండూ విన్నాను. మూడో రోజు అది లేవలేదు. నాలుగో రోజు ఆటోలో పశువుల డాక్టరు దగ్గరికి తీసుకెళ్తే, ఆయన మెడ మీద చర్మం పట్టుకుని పైకి లాగి వదిలారు. లాగిన మడత లాగినట్టే ఉండిపోయింది. ఒంట్లో నీళ్ళు లేవన్నారు. కడుపు నిండా నులిపురుగులన్నారు. సెలైన్ ఎక్కించారు. "ఇంకో నెల తల్లి దగ్గరుంటే బాగుండేదమ్మా" అన్నారు. ఆ రాత్రే పోయింది. మా అమ్ములు వారం రోజులు నాతో సరిగ్గా మాట్లాడలేదు.

ఒక సంగతి ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు. చిట్టిని తెచ్చిన రోజు రాత్రీ, మర్నాడు రాత్రీ సెల్లార్‌లో ఒక పిల్లి అరుస్తూనే ఉంది. మూడో అంతస్తులో మాకు వినపడేంతగా. "ఏం గోల ఇది" అని నేను కిటికీ మూసేశాను. అది వాళ్ళమ్మేనని నాకు తట్టలేదు. ఇద్దరు పిల్లల తల్లిని, నాకే తట్టలేదు.

స్థిరంగా ఒక చోట ఉండనివాళ్ళని "పిల్లి తన పిల్లల్ని ఏడిళ్ళు తిప్పినట్టు" అని వెక్కిరిస్తాం కదా. ఆ మాట ఇప్పుడు వింటే నాకు తల దించుకోవాలనిపిస్తుంది. ఆ తల్లి ఊరికే తిప్పదు. ఇక్కడ కుక్క వాసన ఉంది, ఇక్కడ జనం తిరుగుతున్నారు, ఇక్కడ తడి ఉంది అని చూసి చూసి మారుస్తుంది. తిండి కోసం గంటల తరబడి బయటికి పోతుంది కూడా. ఆ సమయంలో మనం వెళ్ళి "అయ్యో, వదిలేసింది" అని ఎత్తుకొచ్చేస్తాం. పిల్లకి దెబ్బ తగిలో, తడిసి చల్లబడిపోయో ఉంటే తప్ప ముట్టుకోకుండా దూరం నుంచి కొన్ని గంటలు చూడాలి. కనీసం 8 వారాలు తల్లి దగ్గర ఉండనివ్వాలి. నిజంగా తల్లి లేని పసికూన అయితే దానికి పిల్లిపిల్లల పాలపొడి విడిగా దొరుకుతుంది. ఒళ్ళు వెచ్చగా ఉంచి, బోర్లా ఉంచి పట్టాలి. మన పాపల్లా వెల్లకిలా పడుకోబెట్టి పడితే పాలు ఊపిరితిత్తుల్లోకి పోతాయి.

"మా అమ్మమ్మగారింట్లో పిల్లులు పాలన్నం తినే బతికాయి కదా" అంటారు. మా అమ్మమ్మ ఇంట్లోనూ ఉండేవి. అవి పాలన్నంతో బతికాయా, గాదె కింద ఎలుకలతో, గోడ మీద బల్లులతో, దొడ్లో పిట్టలతో బతికాయా? మనం పోసిన పాలే మనకు గుర్తున్నాయి, అవి పట్టుకున్న ఎలుకలు గుర్తులేవు. ఇంకో మాట. ఆ ఇంట్లో పిల్లి ఏటా నలుగురైదుగురిని కనేది. అన్నీ బతికితే ఇంటి నిండా పిల్లులే ఉండాలి. ఎప్పుడు చూసినా రెండే ఉండేవి. మిగతావి ఏమయ్యాయని మనలో ఎవరైనా అడిగామా? బతికినవి చూసి "అవే బతుకుతాయి" అన్నాం. పోయినవాటిని లెక్కపెట్టలేదు.

తల్లిపాలలో మాంసకృత్తులు ఆవుపాలలో కన్నా బాగా ఎక్కువ. పాలు మానిన పిల్లులకైతే చాలావాటికి పాలలోని చక్కెర అరగదు. విరేచనాలు పట్టుకుంటే మనకి ఒక పూట నీరసం, పిడికెడు ప్రాణానికి అది చావు.

ఇక పెరుగన్నం. మా ఇల్లు శాకాహారం ఇల్లు. అత్తయ్య గుడ్డు కూడా గుమ్మం దాటనివ్వరు. ఆవిడ నమ్మకాన్ని నేను తక్కువ చెయ్యను. కానీ మన నియమం మనకి, పిల్లికి కాదు. పిల్లి ఒంటికి టారిన్ అనేది కావాలి. అది మాంసంలో ఉంటుంది, అన్నంపప్పుల్లో ఉండదు. అది అందకపోతే నెమ్మదిగా చూపు పోతుంది, గుండె దెబ్బతింటుంది. నీచు పదార్థం ఏ రూపంలోనూ ఇంట్లోకి రాకూడదంటే పిల్లిని తెచ్చుకోవద్దు. అందులో తప్పేమీ లేదు, కుందేలును పెంచుకోండి. తెచ్చుకుని పెరుగన్నం పెట్టి "మా పిల్లి కూడా శాకాహారే" అని గొప్పగా చెప్పుకోవడమే తప్పు. మా ఇంట్లో ఇప్పుడు జున్ను ఉంది (పేరు జున్నేగానీ పాలచుక్క ఎరగదు). దాని ఎండు మేత డబ్బా బాల్కనీ అలమరలో, దాని గిన్నె వేరు, తోమే పీచు వేరు. అత్తయ్య మొదట్లో మొహం తిప్పుకునేవారు. ఇప్పుడు ఆరున్నర కొట్టగానే "దానికి పెట్టావా?" అని ఆవిడే అడుగుతారు.

జున్నుని తెచ్చే ముందు నేనో పని చేశాను. నవ్వకండి. మధ్యాహ్నం ఎవరూ లేనప్పుడు ఇల్లంతా మోకాళ్ళ మీద పాకాను. పదిహేనేళ్ళుగా ఊడ్చి తుడుస్తున్న ఇల్లు ఆ ఎత్తు నుంచి ఎప్పుడూ చూడలేదు. దేవుడి గూటి కింద రాలిన మల్లెదండ దారం. పిల్లి నాలుక మీది ముళ్ళు వెనక్కి వంగి ఉంటాయి, దారం నోట్లోకి వెళ్తే ఉమ్మలేదు. మింగితే పేగుల్ని ముడివేసినట్టు లాగేస్తుంది. (కొస బయట కనపడినా లాగకండి, డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళండి.) బీరువాలో కలరా ఉండలు. సింకు కింద ఎలుకల మందు. అటక కింద ఎలుకల్ని అంటించే జిగురు అట్ట. మంచం పక్కన మావారి జ్వరం మాత్రల స్ట్రిప్పు. ఆ పారాసెటమాల్ ఒక్క మాత్ర చాలు పిల్లి ప్రాణం తియ్యడానికి. "ఒళ్ళు వేడిగా ఉంది, పాపం" అని చిదిమి పెట్టేవాళ్ళు ఉన్నారు. కుక్కల గోమార్లకి వాడే పెర్మెత్రిన్ చుక్కలు పిల్లికి విషం. ఫినాయిల్ వేసి తుడిచిన నేల మీద నడిచి, ఆ పాదాలు నాక్కుంటుంది. వెచ్చగా ఉంటుందని వాషింగ్ మెషీన్‌లో బట్టల మధ్య ముడుచుకుంటుంది. ఇప్పుడు నేను చెయ్యి పెట్టి వెతక్కుండా మెషీన్ మూత వెయ్యను.

"పిల్లి ఎంత ఎత్తు నుంచి దూకినా కాళ్ళ మీదే పడుతుంది" అని బాల్కనీకి వల కట్టించడానికి మావారు నెల రోజులు వాయిదా వేశారు. గాల్లో ఒళ్ళు తిప్పుకుంటుంది, నిజమే. కాళ్ళ మీద పడితే కాళ్ళు విరగవా? దవడ పగలదా? ఊపిరితిత్తులకి దెబ్బ తగలదా? పావురాలు రాకుండా వల కట్టించడానికి ఒక్కరోజులో మనిషిని పిలిచాం. పిల్లి పోకుండా కట్టించడానికి మాత్రం చర్చలు! చివరికి "వల వచ్చాకే పిల్లి" అన్నాను. రెండు రోజుల్లో వచ్చింది.

టీకాల మాటెత్తితే "వీధి పిల్లికి టీకాలేంటి" అంటారు. వీధిలోంచి వచ్చిందనే వెయ్యాలి. పాన్‌ల్యూకోపీనియా అనే జబ్బు వస్తే వాంతులు, విరేచనాలతో పసివి రోజుల్లోనే పోతాయి. 6 నుంచి 8 వారాల వయసులో టీకా మొదలుపెట్టి, 16 వారాలు దాటేదాకా మూడు నాలుగు వారాలకోసారి వేయించాలి. మూడు నెలలు నిండాక రేబిస్ టీకా. నులిపురుగుల మందు డాక్టరు చెప్పిన లెక్కన. గోరు గీరినా, పన్ను దిగినా పసుపు అద్ది ఊరుకోకండి. కుళాయి కింద సబ్బుతో 15 నిమిషాలు కడిగి, మనుషుల డాక్టరు దగ్గరికి వెళ్ళండి. పిల్లి వల్ల కూడా రేబిస్ వస్తుంది.

మా ఆడపడుచు పురిటికి వచ్చినప్పుడు ఇల్లంతా ఒకటే మాట: "ముందు ఆ పిల్లిని ఎక్కడైనా వదిలెయ్యండి, కడుపులో బిడ్డకి ప్రమాదం." భయం పూర్తిగా అబద్ధం కాదు. టాక్సోప్లాస్మా అనే క్రిమి పిల్లి మలంలో రావచ్చు. కానీ వచ్చిన వెంటనే అంటదు, అంటే స్థితికి రావడానికి ఒకటి నుంచి ఐదు రోజులు పడుతుంది. రోజూ మట్టి శుభ్రం చేస్తే, ఆ పని గర్భిణి చెయ్యకపోతే, పిల్లికి పచ్చిమాంసం పెట్టకపోతే, వేటకి వదలకపోతే భయం చాలా తగ్గిపోతుంది. సరిగ్గా ఉడకని మాంసం, కడగని ఆకుకూరల వల్ల కూడా ఆ క్రిమి రావచ్చని ఎవరూ చెప్పరు. కోడలో కూతురో నీళ్ళోసుకోగానే పిల్లిని గోనెసంచిలో పెట్టి చేపల మార్కెట్ దగ్గర వదిలి రావడం మాత్రం అందరికీ తెలుసు. పెంచిన ప్రాణిని ఆకలికి, దాహానికి వదిలేయడం 1960 నాటి జంతుహింస నివారణ చట్టం ప్రకారం నేరం. మా ఆడపడుచు బిడ్డ ఆరోగ్యంగా పుట్టాడు. జున్ను ఇంట్లోనే ఉంది.

ఇంతకీ ఆ అట్టపెట్టెలోకి నాలుగు పిల్లలు ఎలా వచ్చాయి? ఆపరేషన్ చేయించలేదు కాబట్టి వచ్చాయి. ఆడపిల్లి ఐదు నెలలకే ఎదకి రావచ్చు, రెండు నెలల పైచిలుకులో ఈనుతుంది. "ఆపరేషన్ పాపం" అనేవాళ్ళకి ఒకటే ప్రశ్న: ఏటా నాలుగు పిల్లల్ని పంచి, అవి ఏమయ్యాయో చూడకపోవడం పుణ్యమా?

ఇప్పుడు అసలు మాటకొస్తాను. "అదే బతుకుతుంది" అన్నప్పుడు ఇంట్లోవాళ్ళ మనసులో ఉన్నది వేరు. "ఆవిడే చూసుకుంటుంది." ఆ ఆవిడ మనమే. తెచ్చేది పిల్లలు, ఫోటోలు తీసేది ఆయన, మట్టి మార్చేది, మందు పట్టేది, ఆటోలో ఒళ్ళో పెట్టుకుని పరిగెత్తేది మనం. మనం చేసేది పనిలా ఎవరికీ కనపడదు కాబట్టే పిల్లిని పెంచడం సులువనిపిస్తుంది. అందుకే జున్ను వచ్చే ముందు ఫ్రిజ్ మీద కాగితం అంటించాను. మట్టి మావారిది. పొద్దుటి మేత, మంచినీళ్ళు అమ్ములువి. టీకా తేదీలు నావి. మావారు నాలుగు రోజులు ముక్కు మూసుకున్నారు. ఐదో రోజు నుంచి ఫోనులో వార్తలు వింటూ చేసేస్తున్నారు.

అక్కలూ, చెల్లెళ్ళూ, పిల్లిని తెచ్చుకోవద్దని నేను అనడం లేదు. ఇది రాస్తుంటే జున్ను కీబోర్డు మీద తోక వేసి కూర్చుంది. తెచ్చుకునే ముందు ఒక రాత్రి అన్నాల దగ్గర అందరూ ఉండగా "మట్టి ఎవరు మారుస్తారు?" అని అడగండి. ఎవరూ పలకకపోతే పిల్లి వద్దు. ఆ నిశ్శబ్దాన్ని మీ ఒడిలో వేసుకుని తెచ్చుకోకండి.

మా అపార్ట్‌మెంట్లో ఆ నాలుగిళ్ళకీ వెళ్ళాను. గ్రూపులో కాదు, తలుపు కొట్టి. రెండిళ్ళలో కాఫీ ఇచ్చి విన్నారు. ఒకావిడ తన పిల్లి పాల గిన్నె అక్కడికక్కడే తీసేశారు. ఒకింట్లో "చూద్దాంలెండి" అన్నారు. నాలుగో ఇంట్లో నల్లదానికి అప్పటికే విరేచనాలు మొదలయ్యాయి. నా బుట్టలోనే పెట్టుకుని ఆ సాయంత్రం డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాం, ఆవిడా నేనూ. ఈసారి మొదటి రోజే వెళ్ళాం. చర్మం లాగి వదిలితే వెంటనే వెనక్కి వెళ్ళింది.