చేతక్‌కి దుప్పటి, స్కూటీకి వాన

మా ఇంట్లో రెండు పాత బళ్ళున్నాయి. ఒకటి మావయ్యగారు 1985లో కొన్న బజాజ్ చేతక్. అది వసారాలో దుప్పటి కప్పుకుని ఉంటుంది. రెండోది 2007లో కొన్న నా స్కూటీ పెప్ ప్లస్. అది పెరట్లో వానకి తడుస్తుంటుంది.

పోయిన వారం మావారు, "ఆ స్కూటీని పాత ఇనుము అతనికి ఇచ్చేద్దాం, చోటు కలిసొస్తుంది" అన్నారు. "మరి చేతకో?" అన్నాను. "భలేదానివే, అది నాన్నగారి జ్ఞాపకం కదా!" అన్నారు. ఆ మాట నాకు ముల్లులా గుచ్చుకుంది.

చేతక్ గొప్పతనం నేను కాదనను. 1972లో వచ్చిన బండి. డబ్బు కట్టి ఏళ్ళ తరబడి ఎదురు చూస్తేగానీ దొరికేది కాదట. ఒళ్ళంతా ఇనుప రేకు. పంచరైతే స్టెప్నీ ఉండేది. ముందు బాబు నిలబడి, వెనక నేను చంటిదాన్ని ఒళ్ళో పెట్టుకుని, గుడ్లవల్లేరు నుంచి బందరు దాకా వెళ్ళొచ్చేవాళ్ళం. ఆ విషయంలో స్కూటీ దానికి సాటి రాదు. పైన ఫైబరు డొప్పలు, స్టెప్నీ లేదు. మన రేగడి బురదలో ఇట్టే జారుతుంది.

కానీ 1996లో కాపురానికొచ్చింది మొదలు పదకొండేళ్ళు చేతక్ మీద నాది వెనక సీటే. పక్కకి వాల్చి కిక్కు కొట్టాలి, ఎడం చేత్తో క్లచ్చి నొక్కి పిడి తిప్పి గేరు మార్చాలి. "ఆడవాళ్ళు ఆపలేరమ్మా, బరువు" అనేవారు. నిండు గ్యాసు బండ వంటింట్లోకి దొర్లించేది మాత్రం నేనే! నేర్పిద్దామని ఎవరికీ తోచలేదు. అడగాలని నాకూ తోచలేదు, ఆ తప్పు నాదీ ఉంది.

స్కూటీతో ఆ సాకు పోయింది. గేర్లు లేవు, మీట నొక్కితే స్టార్టు. కాలవ గట్టు మీద పది రోజుల్లో నేర్చుకున్నాను. ఆ ఏడే ఓ రాత్రి పాపకి జ్వరం పేలిపోతోంది. మావారు ఊళ్ళో లేరు. అత్తయ్యగారు వెనక కూర్చుని పాపని పట్టుకుంటే, గుడివాడ ఆసుపత్రికి నేనే తీసుకెళ్ళాను. తిరిగొచ్చాక అత్తయ్యగారు, "నా రోజుల్లో ఇదుంటే ఎంత బాగుండేదే" అన్నారు.

మగవాళ్ళు నడిపిన బండి జ్ఞాపకం, మనం నడిపింది తుక్కు. ఈ లెక్క నాకు నచ్చలేదు. కుట్టు మిషను, రుబ్బురోలు, సైకిలు, మీ ఇంట్లోనూ ఏదో ఒకటి ఇలాగే మూలన పడి ఉంటుంది. ఇచ్చేసే ముందు అది మిమ్మల్ని ఎన్ని గండాలు దాటించిందో ఒక్కసారి తలుచుకోండి.

పాత ఇనుము అతన్ని రావద్దన్నాను. బాటరీ మార్పించాలి. చేతక్‌ని కాస్త గోడవైపు జరిపితే వసారాలో రెండూ పడతాయి. టేపు పెట్టి కొలిచి మరీ చూశాను.