ఎగతాళి మాటల్లో, ఏలుబడి నియమాల్లో

పెట్టుబడిని ఎగతాళి చేసే కళను పెట్టుబడే తయారుచేసి అమ్ముకొంటున్న కాలమిది. ఆ ఎగతాళి ఎవరిని నొప్పిస్తున్నది, ఎవరికి వినోదమిస్తున్నది అని అడగకుండా, "ఎంత సాహసం!" అని చప్పట్లు కొట్టే విమర్శ కూడా దాని వెంటనే బయలుదేరింది. ఈ విమర్శను గురించి నాకు తీవ్రమైన అభ్యంతరం ఉన్నది. ఆ అభ్యంతరాన్ని ఒక వీడియో ఆట ఆధారంగా ఇక్కడ వివరించదలచాను.

"తెలుగు పాఠం చెప్పుకొనే వాడికి వీడియో ఆటతో ఏం పని?" అనేవారున్నారు. కథ, పాత్రలు, సంభాషణ, సంఘర్షణ ఉండి, లక్షలాది యువకులు రాత్రిళ్ళు మేలుకొని అనుభవిస్తున్న దానిని సాహిత్య విమర్శ పట్టించుకోకపోతే ఇంకెవరు పట్టించుకొంటారు? ఒకప్పుడు నవలను గురించీ, తరువాత సినిమాను గురించీ ఇదే మాట అన్నారు. మన తరగతిలో వెనుక బల్లమీద కూర్చొన్న విద్యార్థి ప్రబంధం చదవటం లేదు. ఈ ఆటలే ఆడుతున్నాడు. అతని ఊహలను ఎవరు తీర్చిదిద్దుతున్నారో తెలుసుకోవటం ఉపాధ్యాయుడి పనిలో భాగమే.

నేను చెప్పబోయే ఆట ‘ది ఔటర్ వరల్డ్స్ 2’. కాలిఫోర్నియాలోని అబ్సిడియన్ సంస్థ తయారుచేయగా, మైక్రోసాఫ్ట్ 2025 అక్టోబరు 29న విడుదల చేసింది. దీని మొదటి భాగం 2019 అక్టోబరులో వచ్చింది. అప్పుడు ప్రచురణకర్త వేరు. అబ్సిడియన్‌ను కొంటున్నట్లు మైక్రోసాఫ్ట్ 2018లోనే ప్రకటించింది గనక, రెండవ భాగం నాటికి ప్రచురణ కూడా యజమాని చేతికి వచ్చింది. ఈ చిన్న చరిత్ర పాఠకులు గుర్తుంచుకోవాలి.

మొదటి భాగపు కల్పన పదునైనది. 1901లో అమెరికా అధ్యక్షుడు మెకిన్లీ హత్యకు గురికాలేదనీ, అందువల్ల థియొడోర్ రూజ్‌వెల్ట్ గద్దె ఎక్కి గుత్త సంస్థలను అదుపుచేయటం జరగలేదనీ దాని ఊహ. ఆ గుత్త సంస్థలే పెరిగి పెరిగి, చివరకు నక్షత్రాల మధ్య వలస రాజ్యాలు స్థాపించుకొంటాయి. మొదట కాలుపెట్టే ఎడ్జ్‌వాటర్ అనే ఊరు ఒక చేపల డబ్బాల కర్మాగారం చుట్టూ కట్టినది. అక్కడి కార్మికులు శ్మశానంలో తమ జాగాకు తామే రుసుము చెల్లించాలి. కార్మికుడు ఆత్మహత్య చేసుకొంటే అది కంపెనీ ఆస్తికి కలిగించిన నష్టం! ఊళ్ళో వ్యాపించిన జబ్బుకు అసలు కారణం తిండిలో బలం లేకపోవటం. కూలివాడి దేహం కూడా కంపెనీ ఖాతాలో ఒక పద్దు అన్న సత్యాన్ని ఇంత సూటిగా చూపిన ఆటలు అరుదు. దీనిని నేను మెచ్చుకొంటాను.

కాని ఆట అంటే సంభాషణ మాత్రమే కాదు. కావ్యానికి వస్తువు, రూపం ఉన్నట్లే ఆటకు మాటలు, నియమాలు ఉన్నాయి. పాత్రలు ఏమంటున్నాయి అన్నది మాటల సంగతి. ఆడేవాడు ఏం చేయగలడు, ఏం చేయలేడు, దేనికి ప్రతిఫలం దొరుకుతుంది అన్నది నియమాల సంగతి. ఆట తాత్వికత మాటల్లో కంటే నియమాల్లోనే ఎక్కువ దాగి ఉంటుందని నా వాదం. విమర్శకులేమో మాటల్లోని ఎగతాళికి నవ్వుకొని, నియమాలను సౌకర్యానికి సంబంధించిన సాంకేతిక విషయంగా ప్రక్కన పెడుతున్నారు. కొసరు చూసి అసలు మరవటమంటే ఇదే.

కాబట్టి నియమాలలో వచ్చిన మార్పులు చూద్దాం.

మొదటిది, నైపుణ్యాల సంగతి. 2019 ఆటలో నైపుణ్యాలను గుంపులుగా కట్టారు. ఒక హద్దు వరకూ గుంపుకు పెట్టిన పాయింటు అందులోని నైపుణ్యాలన్నిటికీ చెందేది. తుపాకి పట్టినవాడే తాళం తీస్తాడు, తాళం తీసినవాడే వాదించి ఒప్పిస్తాడు. రెండవ భాగంలో ఈ గుంపులు తీసివేశారు. పన్నెండు నైపుణ్యాలు, ఒక్కొక్క లెవెల్‌కు రెండే పాయింట్లు. అన్నీ వచ్చినవాడు ఇక ఉండడు. ఒక దారి పట్టితే పది దారులు మూసుకొంటాయి.

రెండవది, దిద్దుబాటు సంగతి. మొదటి ఆటలో సొంత ఓడలోనే ఒక యంత్రం ఉండేది. కాస్త డబ్బు పడేస్తే అంతవరకూ నేర్చినదంతా చెరిపివేసి, కొత్తగా మొదలుపెట్టనిచ్చేది. రెండవ భాగంలో తొలి ఘట్టం దాటిన తరువాత ఆ అవకాశం లేదు. ఎంచుకొన్నది ఎంచుకొన్నట్లే మిగిలిపోతుంది.

ఈ రెండు మార్పులను చూసి, "కొన్నవాడి సుఖాన్ని కాలరాశారు" అని గోల చేసినవారున్నారు. వారితో నేను ఏకీభవించను. డబ్బు పెట్టి గతాన్ని చెరిపేయగలిగినవాడు ధనికుడొక్కడే. చేసిన పనికి ఫలితం, పట్టిన దారికి మూల్యం ఉండటం కథకు ప్రాణం. 2010లో వచ్చిన ‘మాస్ ఎఫెక్ట్ 2’ దీనికి ఎదురు దారి పట్టింది. సామాను లెక్కలు తీసివేసి, నైపుణ్యాల సంఖ్య తగ్గించి, తుపాకి యుద్ధాన్ని ముందుకు తెచ్చింది. ఎక్కువమందికి అమ్మాలంటే ఆలోచన తగ్గించాలన్నది ఆనాటి వ్యాపార సూత్రం. ఆ సూత్రానికి ఇక్కడ ఎదురునిలిచారు. ఈ మేరకు ఇది ముందడుగే.

మూడవది, లోపాల సంగతి. నా పేచీ ఇక్కడ మొదలవుతుంది. వ్యక్తి గుణంలో మేలునూ కీడునూ కలిపి ఇవ్వటం 1997 నాటి ‘ఫాలవుట్’లోనే ఉన్నది. 2019 ఆటలో అది ఒక బేరమైంది: యంత్రాల చేతిలో పదే పదే దెబ్బలు తిన్నవాడికి యంత్రభయం అంటగట్టుకొమ్మని ఆట అడుగుతుంది, ఒప్పుకొంటే బదులుగా ఒక ప్రత్యేక శక్తి ఇస్తుంది. రెండవ భాగం ఈ బేరాన్ని విస్తరించింది. ఆట మన అలవాట్లను కనిపెడుతూ ఉంటుంది. అదే పనిగా వంగి నడిచేవాడికి మోకాళ్ళ జబ్బు ఇవ్వజూపుతుంది: వంగి వేగంగా నడవవచ్చు, కాని లేచి నిలబడినప్పుడు కీళ్ళు చప్పుడుచేసి శత్రువుకు పట్టిస్తాయి. దొంగతనం అలవాటైనవాడికి మరొక బేరం: దొంగసొమ్ముకు ధర పెరుగుతుంది, కాని చెయ్యి తనంతట తానే దొంగిలిస్తుంది.

విమర్శకులు దీనిని చమత్కారమన్నారు. చమత్కారమే! కాని ఈ బేరం తీరు గమనించండి. పనివాడి ప్రతి కదలికనూ కనిపెట్టి, దేహం అరిగిన చోట చెయ్యిపెట్టి, "నీ మోకాలు నాకు రాసివ్వు, నీకొక సౌకర్యమిస్తాను" అని కాగితం ముందుపెట్టేవాడు ఎవరు? శ్మశానంలో రుసుము వసూలుచేసిన కంపెనీయే గదా! మొదటి భాగంలో మాటలు ఎగతాళి చేసిన యజమానే రెండవ భాగంలో నియమమై కూర్చొన్నాడు. పైగా, ఎడ్జ్‌వాటర్‌లో జబ్బు పనివల్ల, తిండివల్ల వచ్చినది. ఇక్కడ జబ్బు ఆడేవాడి అలవాటువల్ల వచ్చినది. అక్కడ అది సంబంధాల ఫలితం, ఇక్కడ వ్యక్తి స్వభావం. సమాజంలోని దోషాన్ని తీసుకువెళ్ళి మనిషి గుణంలో పెట్టటం చాలా పాత విద్య. దానికి కొత్త యంత్రం అమర్చారు.

నాల్గవది, నాయకుడి సంగతి. మొదటి భాగంలో ఆడేవాడు ‘హోప్’ అనే ఓడలో మంచులో గడ్డకట్టి, కంపెనీలు డెబ్భై ఏళ్ళు గాలికి వదిలేసిన వలసదారుల్లో ఒకడు. అక్కరలేని మనుషుల్లో ఒకడు. రెండవ భాగంలో అతడు భూమి నుంచి అధికారంతో వచ్చిన డైరెక్టరేట్ ఉద్యోగి. కంపెనీల విలీనంతో పుట్టిన ఆంటీస్ చాయిస్, నిరంకుశ ప్రభుత్వమైన ప్రొటెక్టరేట్, గణితంతో భవిష్యత్తు చెబుతామనే ఆర్డర్ — ఈ మూడు పక్షాల మధ్య అతడు తీర్పరి. లాభాపేక్షనూ, నిరంకుశత్వాన్నీ, శాస్త్ర మౌఢ్యాన్నీ ఒకే త్రాసులో తూచి, "అందరూ అందరే" అని నవ్వటం నిష్పాక్షికత అనిపించుకోదు. ఎవరి చేతిలో ఉత్పత్తి ఉన్నదో, ఎవరి చేతిలో ఏమీ లేదో చెప్పకుండా తప్పించుకొనే మార్గమది.

ఐదవదాన్ని అసలు మార్పు అనకూడదు. అది మారని నియమం. ఎడ్జ్‌వాటర్‌లో కర్మాగారానికి కరెంటు ఆపాలా, పారిపోయి తోట వేసుకొన్నవారికి ఆపాలా అన్న ప్రశ్న వస్తుంది. మీట ఎవరి చేతిలో ఉన్నది? నిన్న దిగిన కొత్తవాడి చేతిలో! కార్మికులు సభ చేయరు, చర్చించరు, చేతులెత్తరు. రాజీ కుదిర్చినా అది కొత్తవాడి వాక్చాతుర్యమే. వందమంది బ్రతుకును ఒక్కడు నిర్ణయించటాన్ని ఈ ఆటలు ‘స్వేచ్ఛ’ అని పిలుస్తున్నాయి. రెండవ భాగంలో ఎంపిక బరువు పెరిగింది, నిజమే. కాని ఎంపిక ఇంకా ఒక్కడి జేబులోనే ఉన్నది. నైపుణ్యాల పట్టికలో నాయకత్వం ఉన్నది, వాగ్ధాటి ఉన్నది. సంఘం కట్టటం లేదు.

"ఆట ఆటే గదా, ఇంత పట్టింపు ఎందుకు?" అంటారా? అయితే ఆట బయట జరిగినది చూడండి. 2025 జూన్‌లో దీని ధర 80 డాలర్లని ప్రకటించారు. కొనేవారు మండిపడ్డారు. జూలైలో 70కి దించారు. ఆ సంగతి చెప్పిన ప్రకటన ఏ గొంతుతో వచ్చిందనుకొన్నారు? ఆటలోని భూమి డైరెక్టరేట్ గొంతుతో! కంపెనీల ఆగడాలకు కళ్ళెం వేసే సంస్థగా తామే ధర సవరింపజేశామన్నది ఆ హాస్యం. కొనేవారి కోపానికి తలవంచి కూడా, ఆ ఘనతను తన కల్పిత పాత్రకు కట్టబెట్టింది కంపెనీ. తన మీద వేసిన ఎగతాళిని తన ప్రకటన కాగితంగా వాడుకోగలిగిన యజమానికి ఆ ఎగతాళి వల్ల ఏం నష్టం?

అదే జూలై 2న మైక్రోసాఫ్ట్ సుమారు 9,000 మందిని ఉద్యోగాల నుంచి తొలగిస్తున్నట్లు ప్రకటించింది. ఆ దెబ్బకు ‘పర్‌ఫెక్ట్ డార్క్’ ఆట రద్దయింది. దానిని తయారుచేస్తున్న ఇనీషియేటివ్ సంస్థ మూతపడింది. ఏళ్ళ తరబడి చేసిన పని చెరిగిపోయింది. చెరిపినవారు పనివారు కారు. మళ్ళీ మొదలుపెట్టుకొనే యంత్రం వారి ఓడలో లేదు.

అయినా వారికి వేరొక ఎంపిక ఉన్నది. అదే మైక్రోసాఫ్ట్ కిందనున్న జెనిమాక్స్‌లో ఆటలు పరీక్షించే ఉద్యోగులు సుమారు 300 మంది సంఘం కట్టారు. 2023 జనవరిలో యజమాని ఆ సంఘాన్ని గుర్తించాడు. 2025లో వేతనాలపై ఒప్పందం కుదిరింది. ఈ కథలో ఒంటరి వీరుడు లేడు, మంత్రపు మీట లేదు. ముందు ఒకరితో ఒకరు మాట్లాడుకొన్నారు, తరువాత కలిసి సంతకం పెట్టారు. ఆట తయారుచేసే మనుషులు తమ బ్రతుకులో సాధించిన ఈ ఎంపిక, వారి చేతుల మీదుగా వెలువడే ఆటల నియమాల్లో ఎందుకు కనిపించదు? అది చెయ్యటం సాంకేతికంగా అసాధ్యమని నేననుకోను. మోకాలి చప్పుడును సైతం నియమంగా మలచిన నేర్పరులు సమ్మెను నియమంగా మలచలేరా?

ఈ ఆటను బహిష్కరించమని నేననటం లేదు. ఆడండి. హైదరాబాదులో మైక్రోసాఫ్ట్ 1998 నుంచీ పనిచేస్తున్నది. మన ఇంజనీరింగు కళాశాలల పిల్లలకు ఈ సంస్థలూ, ఈ ఆటలూ దూరపు సంగతులు కావు. రేపు ఆటలు తయారుచేసేవారు కూడా వారిలో ఉంటారు. నేను కోరేదల్లా, ఆడేటప్పుడు సంభాషణ విని నవ్వి ఊరుకోవద్దని. ఈ నియమం నన్ను ఎవరి స్థానంలో నిలబెడుతున్నది? దేనికి నాకు బహుమతి ఇస్తున్నది? ఏ పనిని చేయటానికి అసలు మీటే పెట్టలేదు? ఈ మూడు ప్రశ్నలు వేయటం విద్యార్థికి నేర్పితే, అతడు ఆటనే కాదు, తాను రేపు సంతకం పెట్టబోయే ఉద్యోగ ఒప్పందాన్ని కూడా చదవగలుగుతాడు. యజమానిని చూసి నవ్వటానికి యజమానే అనుమతిచ్చినప్పుడు, నవ్వు ఆపి నియమాలు చదవటమే విమర్శకుడి పని.