పళ్ళకు తీగ కట్టే ముందు గుంజ చూసుకోవద్దా?

నల్లపాడు : మిరప కల్లంలో తాలుకాయలు ఏరుతున్న ఆడవాళ్ళు ఏదో మాటకు పకపకా నవ్వారు. ఒక్క పిల్ల మాత్రం చున్నీ నోటికి అడ్డం పెట్టుకొని నవ్వింది. కల్లంలో ఘాటుకు అందరూ గుడ్డ కట్టుకునేదే గాని ఈ పిల్ల అడ్డం పెట్టుకున్నది అందుకు కాదు. ముందరి పళ్ళు ఎత్తు. రెండేళ్ళ క్రితం క్లిప్పులు వేయించారు. ఇప్పుడు క్లిప్పులు లేవు, ఎత్తు పెద్దగా తగ్గలేదు. పైగా కోరపళ్ళ వెనక చెరొక పన్ను పోయి సందులు మిగిలాయి.

"మధ్యలో ఎందుకు మానేశారు బాబాయ్?" అని తండ్రిని అడిగాను. "నెలనెలా రమ్మంటారు. కోతలప్పుడు ఎట్టా పోతాం నాయనా? పోయినప్పుడల్లా డబ్బులు. ఏడాది దాటినా పళ్ళు లోపలికి పోలా. ఇంకెన్నాళ్ళంటే చూద్దామంటారు" అన్నాడు. నల్లపాడు 2012లో గుంటూరు కార్పొరేషన్‌లో కలిసి పట్నమైంది గాని, నెలకొక రోజు కూలి పోగొట్టుకునే బాధ మాత్రం ఇంకా పల్లెదే. ఇందులో ఆయన తప్పెంతో, వైద్యం చేసినవారి తప్పెంతో తేల్చటం నా పని కాదు. కాని పళ్ళు పీకే ముందు చెప్పవలసిన సంగతి ఒకటి ఆయనకు ఎవరూ చెప్పలేదు.

ఆ సంగతి బండి తోలినవారికి కొత్త కాదు. మిర్చి టిక్కీలు నింపిన బండి ఒకటి, ఖాళీ బండి ఒకటి ఎదురెదురుగా పెట్టి మధ్యన మోకు కట్టి బిగించండి. ఖాళీ బండే ఎక్కువ జరుగుతుంది. బరువు బండి కూడా కొంత కదలకపోదు. రెండూ సమాన బరువైతే సగం దారిలో కలుస్తాయి. నోట్లోనూ ఇదే. ఎత్తుపళ్ళను వెనక్కి లాగాలంటే తీగ రెండో కొసను దేనికో ఒకదానికి కట్టాలి. మామూలుగా దవడపళ్ళకు కడతారు. పై దవడపన్నుకు మూడు వేళ్ళుంటాయి కాబట్టి గట్టిదే. కాని ముందరి ఆరు పళ్ళను కలిపి లాగితే అదీ ముందుకు వస్తుంది. పీకిన పన్ను వెడల్పు సుమారు 7 మిల్లీమీటర్లు. చోటు అంతే. వెనకవి 3 మిల్లీమీటర్లు ముందుకు వస్తే ఎత్తుపళ్ళకు మిగిలేది 4. సందు మూసుకుపోతుంది, ఎత్తు మాత్రం కొంత అలాగే ఉంటుంది.

అందుకే డాక్టర్లు గుంజ కోసం వెతుకుతారు. రెండు వైపుల దవడపళ్ళకు పట్టీలు తొడిగి అంగిలి మీదుగా తీగతో జత చేయటం ఒక పద్ధతి. మెడకో తలకో పట్టీ వేసి బయటనుంచి లాగటం పాత పద్ధతి, రోజూ 12 గంటలైనా పెట్టుకోవాలి. అది పెట్టుకొని ఏ పిల్ల వీధిలోకి వస్తుంది? 1997లో జపాన్ డాక్టరు కనోమి పంటి వేళ్ళ మధ్య పట్టేంత చిన్న స్క్రూను దవడ ఎముకలో బిగించి, దాని ఆసరాతో పళ్ళను కదిలించిన విధం ప్రకటించారు. ఇప్పుడు వాడే టైటానియం స్క్రూలు 6 నుంచి 10 మిల్లీమీటర్ల పొడవుంటాయి. మత్తు సూది వేసి బిగిస్తారు, పని అయ్యాక తీసేస్తారు. గుంజ పళ్ళలో కాక ఎముకలో ఉంటుంది గనుక వెనక పళ్ళు ముందుకు రావు. అన్ని నోళ్ళకూ ఇది అవసరం ఉండదు. ఒక్కోసారి వదులై ఊడిపోతుంది కూడా. చుట్టూ శుభ్రంగా తోముకోకపోతే చిగురు వాస్తుంది.

గుంజ ఎంత గట్టిదైనా పన్ను తొందరపడదు. తీగ నొక్కిన వైపు ఎముక కరుగుతుంది, వెనక వైపు కొత్త ఎముక పెరుగుతుంది. నెలకు సుమారు ఒక మిల్లీమీటరు జరిగితే మేలు. మొత్తం పని ఏడాదిన్నర, రెండేళ్ళు. సంబంధం ఖాయమయ్యాక మూడు నెలల్లో సరిచేయమని పరుగెత్తేవారికి ఈ లెక్క ఎవరు చెబుతారో! (పళ్ళు చూసి పిల్లను వద్దనేవారి నోళ్ళను సరిచేసే తీగ ఇంకా రాలేదు.) నిజానికి పెళ్ళి మాట పక్కనబెట్టినా, బాగా ఎత్తుగా ఉన్న పళ్ళు పిల్లలు కిందపడ్డప్పుడు త్వరగా విరుగుతాయి. పెద్దయ్యాక కూడా సరిచేయవచ్చు గాని 10, 14 ఏళ్ళ మధ్య చూపిస్తే ఎదిగే దవడ కలిసివస్తుంది.

కాబట్టి డాక్టర్లకు నా మనవి ఇది. పన్ను పీకే ముందే కాగితం మీద రాసివ్వండి. ఏ పళ్ళు తీస్తారు, దేని ఆసరాతో లాగుతారు, ఎన్ని నెలలు, మొత్తం ఎంత. జనవరి నుంచి ఏప్రిల్ దాకా కోతలని తెలిసిందే గదా, రాలేని నెల వస్తే ఏం చేయాలో కూడా చెప్పండి. మధ్యలో మానేస్తే సందులు మిగులుతాయని ముందే చెబితే, సగం మంది డబ్బు సమకూరాకే మొదలుపెడతారు. బడులకు వచ్చే దంత వైద్య శిబిరాలు పుప్పిపళ్ళతో సరిపెట్టకుండా పై పళ్ళూ కింది పళ్ళూ కలిసే తీరు కూడా చూడాలి. ఆరో తరగతిలోనే పట్టుకుంటే తండ్రికి రెండు మూడేళ్ళ వ్యవధి దొరుకుతుంది.

తీగలు తీసేశాక కొన్నాళ్ళు పెట్టుకోవలసిన పట్టీ మరొకటుంది. అది మానేస్తే పళ్ళు తిరిగి పాత చోటికే బయల్దేరతాయి. ఆ ఖర్చు కూడా లెక్కలో చేర్చుకోవాలి.

బాబాయికి విజయవాడ ప్రభుత్వ దంత వైద్య కళాశాలలో గాని, దగ్గరలోని తక్కెళ్ళపాడు దంత కళాశాలలో గాని ఒకసారి చూపించమన్నాను. పాత ఎక్స్‌రేలు, అచ్చులు ఏవని అడిగితే అక్కడే ఉండిపోయాయన్నాడు. అవి అడిగి తెచ్చుకొమ్మన్నాను. కోతలు అయ్యాక వెళ్తాడట.