ముట్లు ఆగిన పదేళ్ళకు ఎర్రబట్ట

ప్రశ్న: మా అత్తగారికి 61 ఏళ్ళు. ముట్లు ఆగి పదేళ్ళయింది. అప్పట్లో స్కానింగు తీసి, గర్భసంచిలో చిన్న ఫైబ్రాయిడ్ కంతి ఉంది, దానంతటదే చిక్కిపోతుందన్నారు. రెండు నెలలుగా అప్పుడప్పుడూ ఎర్రబట్ట కనిపిస్తున్నది. పొత్తికడుపు బరువుగా ఉందంటారు. నిరుడు చేసిన పాప్ స్మియర్ బాగానే ఉంది. "వేడి చేసింది, మజ్జిగ తాగితే తగ్గుతుంది" అంటూ డాక్టరు దగ్గరకు రానంటున్నారు. కొన్నాళ్ళు ఆగి చూడవచ్చా?
– ఒక సోదరి, తెనాలి

జవాబు: ఆగవద్దు. ఈ వారంలోనే స్త్రీల డాక్టరుకు చూపించండి. ఏడాదిపాటు ముట్లు రాని స్త్రీకి ఆ తరువాత ఒక్క చుక్క కనిపించినా కారణం వెదకవలసిందే. వేడికీ దీనికీ సంబంధం లేదు. అలాగని బెంబేలు పడనక్కరలేదు. ఇలా వచ్చేవారిలో కాన్సర్ తేలేది సుమారు పదిమందిలో ఒకరికే. చాలామందికి లోపొర ఎండి పలచబడటమో, పాలిప్ అనే చిన్న పిలకో కారణమవుతుంది.

పాప్ స్మియర్ చూసి ధైర్యపడకండి. అది గర్భసంచి ముఖద్వారానికి చేసే పరీక్ష. లోపలి సంగతి దానితో తేలదు.

గర్భసంచి కాన్సర్లలో ఎక్కువ భాగం లోపొరలో పుడతాయి. అరుదుగా కండరంలో పుట్టేవి ఉన్నాయి, అవి సార్కోమాలు. చిక్కేమిటంటే ఇవి స్కానింగులో అచ్చం ఫైబ్రాయిడ్ లాగే కనిపించవచ్చు. లోపొర నుంచి ముక్క తీసి పరీక్షించినా ఒక్కొక్కప్పుడు దొరకవు. అయితే ఫైబ్రాయిడ్ పెరిగేది ఆడ హార్మోన్ల బలంతో. ముట్లు ఆగాక అది చిక్కాలి. హార్మోను మాత్రలు వాడని స్త్రీలో పెరుగుతున్నదంటే అనుమానించాలి. అందుకని పాత రిపోర్టు ఏ బీరువాలో ఉన్నా వెదికి పట్టుకెళ్ళండి. రెండు కొలతలూ పోల్చి చూస్తారు. అవసరమైతే ఎం.ఆర్.ఐ. తీయిస్తారు. గతంలో రొమ్ము కాన్సర్‌కు టామాక్సిఫెన్ వాడినా, పొత్తికడుపుకు రేడియేషన్ ఇచ్చినా దాచకుండా చెప్పండి.

ఆపరేషన్ అంటే, కంతిని ముక్కలు చేయకుండా తీస్తారా అని ముందే అడగండి. లాపరోస్కోపీలో యంత్రంతో కడుపులోనే తరిగి తీసే పద్ధతి ఒకటుంది. లోపల సార్కోమా దాగి ఉంటే ఆ తరుగుడుతో అది కడుపంతా చిమ్ముతుంది. ఫైబ్రాయిడ్లనుకుని ఆపరేషన్ చేయించుకున్న సుమారు 350 మందిలో ఒకరికి ఇలాంటిది ఉండవచ్చని 2014లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ లెక్కకట్టి, ముట్లు ఆగిన స్త్రీలకు ఆ యంత్రం వాడవద్దని హెచ్చరించింది.

మీ అత్తగారిది సిగ్గే అయితే లేడీ డాక్టరు దగ్గరకే తీసుకెళ్ళండి. ఎర్రబట్ట ఏయే రోజుల్లో కనిపించిందో కాలెండరులో గుర్తుపెట్టండి. ఈలోగా మందుల షాపులో అడిగి రక్తం కట్టే మాత్రలు వేయకండి.